బోర్లించిన కుండ

జూలై 7, సోమవారం

ఈరోజు మొదటి ఆశ్చర్యం: నేను లేచేసరికి నా రూమ్మేట్ భవ్య అక్క ఇంకా పడుకునే ఉంది. ఈ గదిలో చేరి పదకొండు నెలలైంది, ఒక్కరోజు కూడా ఇలా జరగలేదు. ఆమె అలారం నాలుగున్నరకి, నాది ఆరింటికి. ఆమె పాఠం వల్లెవేస్తుంటే నా కలల్లోకి రాజ్యాంగ అధికరణలు వచ్చిపోతుంటాయి. ఈరోజు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

నుదుటి మీద చెయ్యి పెట్టాను. కాలుతోంది.

"ఏం గాదు, నిన్న వానల తడిసిన గదా. నువ్వు కాలేజికి పో" అంది.

ఆమె ప్రభుత్వ ఉద్యోగ పరీక్ష ఆగస్టు మూడున. ఇంకా ఎన్ని రోజులుందో గోడ మీద సుద్దముక్కతో రోజూ ఆమే మారుస్తుంది. ఈరోజు మార్చలేదు. నేనే ఇరవై ఎనిమిది చెరిపి ఇరవై ఏడు వేశాను.

నారాయణగూడలో క్లాసులయ్యాక చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి పెద్ద నిఘంటువు ముందు కూర్చున్నాను. రోజుకో మాట అని పెట్టుకున్నాను కదా. ఈరోజు మాట: తేట. తేట నీరు, తేట మాట, తేట మొహం. రెండక్షరాల్లో ఎంత వెలుగు! అశోక్‌నగర్ దాకా నడుస్తూ పెదాల మీద అదే తిప్పుకున్నాను.

గదికి వచ్చి కుండ మూత తీసి చూశాను. నీళ్లు తేటగా ఉన్నాయి. గ్లాసు ముంచుకుని తాగాను. ఏప్రిల్‌లో అమ్మ తను కూలి పని చేసే నార్సింగి సైటు నుంచి రెండు బస్సులు మారి, ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కుండ. "ఇంట్ల కుండ ఖాళీ ఉండొద్దు బిడ్డా" అని చెప్పి మరీ వెళ్లింది. ఒక్కరోజు కూడా ఖాళీ కానివ్వలేదు. సగానికి దిగగానే నీళ్ల బండి ఎల్లేశం అన్న తెచ్చిన క్యాను వంచి మళ్లీ నింపేస్తాను. ఈ గదిలో తప్పకుండా జరిగే పని ఇదొక్కటే.

జూలై 9, బుధవారం

జ్వరం నూట రెండు. మాట: తాపం. నేను వెతకలేదు, నిఘంటువు ఆ పేజీలోనే తెరుచుకుంది.

జూలై 10, గురువారం

బస్తీ దవాఖానకి తీసుకువెళ్లాను. ఆటోలో అక్క తల నా భుజం మీద. ఆమె ఎప్పుడూ ఎవరి భుజం మీదా తల పెట్టదు.

నర్సు పేరు ఉదయశ్రీ. రక్తం తీస్తూ ప్రశ్నలు అడిగింది.

"ఏం నీళ్లు తాగుతున్నరు?"

"క్యాన్ నీళ్లు మేడం, ఫిల్టర్‌వి" అని నేనే గబగబా చెప్పాను.

"తినేముందు చేతులు కడుక్కుంటరా?"

"కడుక్కుంటం."

"దేనితోని?"

"నీళ్లతోని."

"సబ్బు?"

నేను అక్క వైపు చూశాను. అక్క పైకప్పు వైపు చూసింది.

"సబ్బు తానానికే పుట్టిందనుకున్నరా? పెద్ద పెద్ద పుస్తకాలు సదువుతరు, చేతులు కడుక్కునుడు మాత్రం సిలబస్‌ల లేదు" అంది ఉదయశ్రీ. జ్వరంలో కూడా అక్క నవ్వింది. ఆ నవ్వు కోసం ఆ నర్సుకి దండం పెట్టాలనిపించింది.

కుండ గురించి అడగలేదు. నేనూ చెప్పలేదు. క్యాన్ నీళ్లే కదా కుండలో ఉండేది.

జూలై 11, శుక్రవారం

టైఫాయిడ్.

మాత్రలు చెప్పినన్ని రోజులూ వెయ్యాలట. "తగ్గింది గదా అని నడుమ ఆపితె మళ్ల నా దగ్గరికే వస్తరు" అని ఉదయశ్రీ మేడం రెండుసార్లు చెప్పింది. మరగబెట్టిన నీళ్లే తాగాలి, మెత్తటి తిండే తినాలి.

ఇంటావిడ విద్యావతి గారు కింది నుంచి నీళ్లు కాచేందుకు పెద్ద గిన్నె, దాన్ని దించేందుకు మసిగుడ్డ, ఒక గిన్నెలో పల్చటి జావ పంపించారు. తర్వాత తనే మోకాళ్లు పట్టుకుంటూ రెండు అంతస్తులు ఎక్కి వచ్చారు. "కిరాయికి ఉన్నోళ్లు అంటే మా ఇంటోళ్లు కాదా? నాల్గు రోజుల సంది జ్వరమైతె నాకెందుకు చెప్పలే?" అని కోప్పడ్డారు. ఆ కోపం తింటుంటే జావకంటే కమ్మగా ఉంది.

మరిగిన నీళ్లు వేడివేడిగా అక్క తాగలేకపోతోంది. త్వరగా చల్లారతాయని కుండలో పోశాను. మంచి ఉపాయం. మట్టి చల్లదనం ముందు ఫ్రిజ్ ఏపాటిది?

మాట: పథ్యం.

జూలై 12, శనివారం

పొద్దుటి నుంచి ఒకటే ఆలోచన: ఎక్కడి నుంచి వచ్చింది? అక్క బయట తినదు. పానీపూరీ బండి వైపు చూడదు. మిగిలింది నీళ్లు. నీళ్లు వచ్చేది క్యాను నుంచి. ఇందులో ఇంక తేల్చాల్సింది ఏముంది?

విద్యావతి గారితో అన్నాను. "అయ్యుండొచ్చు. ఏ బోరు నీళ్లు నింపుతరో ఎవరు సూసిన్రు" అన్నారు. నేను పైకి వచ్చి కాగితం తీసుకున్నాను.

ఇంత శ్రద్ధగా నేను ఎప్పుడూ ఏదీ రాయలేదు. నాలుగుసార్లు రాసి ఐదోది ఉంచాను. ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను:

"ప్రియమైన వీధివాసులారా! తేటగా కనిపించే ప్రతి నీరూ తాగునీరు కాదు. రోజూ మన గడప దాకా వచ్చే క్యాన్ నీళ్లు మా ఇంట ఒక కష్టజీవిని మంచాన పడేశాయి. మీ పిల్లలను కాపాడుకోండి. ఇట్లు, మీ శ్రేయోభిలాషి."

గేటుకి అంటించాను. పది నిమిషాల్లో ముగ్గురు ఆగి చదివారు. ఒకావిడ ఫోనులో ఫొటో తీసి వీధి గ్రూపులో పెట్టింది. "ఎవరు రాసిన్రో గని, ఎంత బాగ రాసిన్రు" అందట. విద్యావతి గారు చెప్పారు.

నా మాటలు మొదటిసారి నా డైరీ దాటి బయటికి వెళ్లాయి. సంతోషం దాచుకోలేకపోతున్నాను.

ఎల్లేశం అన్న తెచ్చిన చివరి క్యాను సీలు తియ్యకుండా మూలన పెట్టాను. సాక్ష్యంగా.

జూలై 13, ఆదివారం

ఎల్లేశం అన్న పొద్దున ఆరింటికి బండి ఆపాడు. గేటు ముందు నిలబడి కాగితం చదివాడు. ఒక్కో మాట మీద వేలు పెట్టి చదువుతాడు, చాలాసేపు పట్టింది. హారన్ కొట్టలేదు. పైకి చూడలేదు. వెళ్లిపోయాడు.

బండి తలుపు మీద "ఎల్లేశం మంచినీళ్లు" అన్న అక్షరాలు నేను రాసినవే. ఉగాదికి అడిగితే ఎర్ర రంగుతో రాసిచ్చాను.

తప్పు చేసినవాళ్లే అలా మాట్లాడకుండా వెళ్లిపోతారు.

జూలై 14, సోమవారం

వీధిలో తొమ్మిది ఇళ్లు వేరే క్యాను పెట్టుకున్నాయట. మేమూ.

అక్కకి జ్వరం తగ్గింది. కానీ నిన్న సాయంత్రం నుంచి విరేచనాలు. కడుపు పట్టుకుని ముడుచుకుపోతోంది. ఓఆర్ఎస్ కలిపి గంటగంటకీ ఇస్తున్నాను. కాచి, కుండలో చల్లార్చిన నీళ్లలోనే కలుపుతున్నాను. నా వైపు నుంచి లోపం ఏమీ లేదు.

గోడ మీద ఇరవై.

జూలై 15, మంగళవారం

ఉదయశ్రీ మేడం దవాఖాన నుంచి ఇంటికి పోతూ అక్కని చూడడానికి వచ్చింది. డ్యూటీ అయిపోయాక, అడగకుండానే! ఇలాంటివాళ్ల వల్లే ఈ నగరం నడుస్తోంది.

గేటు మీద కాగితం చదివి, "క్యాన్ నీళ్లే అని నీకెట్ల తెలుసు?" అని అడిగింది.

"ఇంకేముంటది మేడం?"

"ఆ జ్వరం ఏడికెళ్లి వచ్చిందో డాక్టర్ గూడ ఖాయంగ చెప్పలేడు. నువ్వు చెప్పేసినవ్." సంచిలోంచి అడుగున మందు ఉన్న రెండు చిన్న సీసాలు తీసింది. "నీళ్లు నింపి, మూత పెట్టి, ఒక రోజు వెచ్చగ ఉంచు. నల్లగైతె ఆ నీళ్లు మంచియి కావు."

ఒకదానిలో మూలనున్న ఎల్లేశం అన్న క్యాను సీలు తీసి పోశాను. ఇంకోదానిలో కుండ నీళ్లు. రెండూ పక్కపక్కన ఉంటే తేడా బాగా తెలుస్తుంది. చీటీలు గుండ్రని అక్షరాలతో రాసి అంటించాను: "క్యాను", "కుండ". రెండిటినీ నా దుప్పటిలో చుట్టి పెట్టాను.

జూలై 16, బుధవారం

సీసాలు తారుమారై ఉంటాయి.

చీటీలు తడికి ఊడిపోయి మళ్లీ అంటుకుని ఉండొచ్చు.

ఊడలేదు.

జూలై 17, గురువారం

మేడం దగ్గరికి వెళ్లి ఇంకో రెండు సీసాలు అడిగాను. "ఏం నల్లగైంది?" అంది. "సరిగ్గా చెయ్యలేదేమో మేడం, మళ్లీ చేస్తాను" అన్నాను. ఆమె నా మొహం చూసి ఇంకేమీ అడగకుండా ఇచ్చింది.

ఈసారి చీటీలు అంటించలేదు. సీసా మీదే మార్కర్‌తో రాశాను.

జూలై 18, శుక్రవారం

క్యాను తేట. కుండ నలుపు.

కుండలో ఉన్నది వారం రోజుల నుంచి నేను మరగబెట్టి పోసిన నీళ్లే. ఏ క్యాను నీళ్లు పోసినా కుండలో ఒకటే. అక్కకి ఇక గిన్నెలోనే చల్లార్చి ఇస్తున్నాను.

కొత్త మాట లేదు.

జూలై 19, శనివారం

అమ్మ వచ్చింది. సైటులో మేస్త్రీకి చెప్పి సగం రోజు పని మానుకుని. చేతుల మీద సిమెంటు గీతలు, సంచిలో జొన్న గటక, మజ్జిగ. "నీ అక్కకు బాగలేదంటె నేను రావద్దా?" అంది. నాన్న నిమ్మకాయలు పంపాడు. పదకొండు నెలల్లో రెండుసార్లు మాత్రమే చూసిన భవ్య అక్క కోసం.

వచ్చీ రాగానే గ్లాసు తీసుకుని కుండ దగ్గరికి వెళ్లింది. నేను "వద్దే అమ్మా!" అని అరిచాను. అక్క ఉలిక్కిపడి లేచింది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి లాక్కెళ్లి అంతా చెప్పేశాను: సీసాలు, కాగితం, ఎల్లేశం అన్న. ఆఖరికి, "నువ్వే గదమ్మా కుండ ఖాళీ ఉండొద్దన్నవ్" అని కూడా అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అన్నాను.

అమ్మ నా చెయ్యి విడిపించుకుంది.

"ఖాళీ పెట్టొద్దన్న. కడగొద్దన్ననా?"

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను.

"మనింట్ల ఎన్ని కుండలుండె?"

"ఒకటి."

"రెండే పిల్లా! ఏ సైటుకు పోయినా రెండు. ఒకటి నిండితె ఒకటి ఎండుతది. నాల్గు రోజులకోపారి పీచు, దొడ్డుప్పు పెట్టి రుద్ది ఎండల బోర్లిస్త. అది ఎండినంక దాంట్ల నీళ్లు పోసి, దీన్ని రుద్దుత. గందుకే ఇంట్ల కుండ ఎన్నడు ఖాళీ ఉండది."

అప్పుడు గుర్తొచ్చింది. రేకుల షెడ్డు పక్కన, ఇటుకల మీద, నోరు కిందికి పెట్టి ఒక కుండ. దాని మీద నేను కూర్చోబోతే అమ్మ కొట్టేది. ఇన్నేళ్లూ నాకు నిండిన కుండ ఒక్కటే గుర్తుంది. బోర్లించిన కుండ అక్కడ ఎందుకు ఉండేదో ఒక్కసారి కూడా అడగలేదు.

"బస్సుల రెండు పట్టలే, ఒకటే తెచ్చిన. ఇంకోటి కొనుక్కొమ్మని చెప్పుడు మర్సిన. నా తప్పు గూడ ఉంది" అంది అమ్మ. లేదమ్మా. లేదు.

కుండలో నీళ్లు పారబోశాం. అమ్మ లోపల గోడ మీద వేలితో గీసింది. వేలికి జిగురు వచ్చింది. నీళ్లు ఎప్పుడూ తేటగానే ఉన్నాయి. నేను నీళ్లనే చూశాను, గోడను చూడలేదు.

"సబ్బు పెట్టకు, మట్టి సబ్బును తాగుతది. ఉడుకు నీళ్లు, ఉప్పు, పీచు." ఇద్దరం రుద్దాం. డాబా మీద బోర్లించి అమ్మ బస్సెక్కింది.

జూలై 20, ఆదివారం

భవ్య అక్కకి చెప్పాను.

నిన్న నా అరుపు విన్నప్పుడే ఏదో ఉందని అనుకుందట. అయినా విన్నాక గోడ వైపు తిరిగి పడుకుంది. గోడ మీద పద్నాలుగు. నేను గిన్నెలు తోమాను. తోమిన గిన్నెలే మళ్లీ తోమాను.

గంట తర్వాత అటు తిరిగే అడిగింది: "జ్వరం గూడ కుండతోనే వచ్చిందా?"

"మేడం అయితే, చెప్పలేము అంది. విరేచనాలు మాత్రం..."

"నువ్వు గూడ అవే నీళ్లు తాగినవ్ గద. నీకేం గాలే?"

"అందరికి రాదట."

"దున్నపోతువి నువ్వు, నీకేమొస్తది" అంది. తర్వాత ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాకు చదువుతుంటె అక్షరాలు తిరుగుతున్నయ్. నా నోట్సు నువ్వు చదువు, నేను వింట. పద్నాలుగు దినాలు. నడుమ నడుమ నీ కవిత్వం కలిపినవనుకో, తంత."

నాలుగు గంటలు చదివి వినిపించాను. గొంతు పోయింది. ఇంత తేలికగా క్షమించేవాళ్లు ఉంటారని ఎవరైనా రాస్తే నేను నమ్మేదాన్ని కాదు. తేలిక కాదేమో. ఆమె నాకు తేలిక చేసింది.

"ఎల్లేశం అన్నకు చెప్పినవా?" అని పడుకునే ముందు అడిగింది.

జూలై 21, సోమవారం

విద్యావతి గారికి చెప్పాను. ఆవిడ గేటు దగ్గరికి నడిచి కాగితం చింపబోయి ఆగారు. "నువ్వే తియ్యి" అన్నారు. గోటితో గీకి తీశాను. జిగురు మరక ఉండిపోయింది.

"నేను గూడ నీతోని ఊ కొట్టిన. నాకు గూడ బుద్ధి లేదు" అన్నారు. తర్వాత వంటింట్లోంచి పొడుగు కాడ ఉన్న గరిటె తెచ్చి ఇచ్చారు. "మా అత్తగారిది. ఇగ చెయ్యి పెట్టి ముంచితె ఇదే తిరగేసి కొడత."

కాగితం తీసేశాను కానీ వీధి గ్రూపులో ఫొటో అలాగే ఉంది. ఇంకెన్ని ఫోన్లలో ఉందో!

ఎల్లేశం అన్న నంబరుకి మూడుసార్లు చేశాను. ఎత్తలేదు.

జూలై 22, మంగళవారం

కాలేజీ అయ్యాక నారాయణగూడ ఫ్లైఓవర్ కింద కనిపించాడు. నా అక్షరాలే ముందు కనిపించాయి, "ఎల్లేశం మంచినీళ్లు" అని ఎర్రగా. టైరు పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. దారంతా మనసులో కూర్చుకున్న మంచి మంచి వాక్యాలు ఒక్కటీ రాలేదు. "అన్నా, నా కుండే అన్నా. నీ నీళ్లు మంచిగున్నయ్. నేను కుండ కడగలే" అని మాత్రం అన్నాను.

అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వే రాసినవని చూడంగనే తెలిసింది చెల్లె. నా బండి మీద రోజు చూస్త గద, గా చేతిరాత" అన్నాడు. "కని ఎంత మంచిగ రాసినవో! గేటు కాడ చదువుతుంటె నాకే నా నీళ్లు తాగబుద్ది గాలే."

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

"మీ వీధి ఒక్కటే పోలే. ఫోన్ల చూసి ఎనక వీధోళ్లు గూడ వద్దన్నరు. చదువుకున్న పిల్ల రాసింది, ఉత్తగనె రాస్తదా అన్నరు."

"నేను ఇంటింటికి పోయి చెప్త అన్నా."

"నోటితోని చెప్తె ఎవరింటరు? రాసి చెడగొట్టినవ్. రాసే బాగుచెయ్యాలె."

"రాస్త. నువ్వు ఎల్లుండి పొద్దుగాల వస్తవా?"

వెంటనే ఒప్పుకోలేదు. బండి ఎక్కి, తాళం తిప్పి, అప్పుడు అన్నాడు: "క్యాన్లు నేను గూడ కడుగుత చెల్లె. రోజు. ఎవ్వరు అడగకున్నా కడుగుత. గది గూడ రాయి."

అక్కడి నుంచి మార్కెట్లోకి వెళ్లి రెండో కుండ కొన్నాను.

జూలై 23, బుధవారం

లైబ్రరీలో కూర్చుని రాశాను. మొదటిది ఒక పేజీ వచ్చింది. అందులో "విధివశాత్తు" అని ఉంది. కొట్టేశాను. రెండోదానిలో "అనుకోకుండా" అని ఉంది. అదీ కొట్టేశాను. మూడోది చదివితే నా పశ్చాత్తాపం ఎంత అందంగా ఉందో అని ఎవరైనా ఫొటో తీస్తారు. చింపేశాను.

పాత కాగితం మళ్లీ చదివాను. అందులో ఒక్కచోట కూడా "నేను" లేదు. కింద పేరు కూడా లేదు. శ్రేయోభిలాషి!

ఇదీ మిగిలింది:

"జూలై 12న ఈ గేటుకి అంటించిన కాగితం నేనే రాశాను. అందులో రాసింది తప్పు. ఎల్లేశం గారి క్యాన్ నీళ్లు పరీక్ష చేస్తే బాగున్నాయి. ఆయన క్యాన్లు రోజూ కడుగుతారు. చెడ్డవి మా కుండలోని నీళ్లు. ఆ కుండని ఏప్రిల్ నుంచి నేను కడగలేదు, అందులో చేతులు పెట్టి ముంచాం. దయచేసి ఆయన నీళ్లు మళ్లీ పోయించుకోండి. మీ కుండలు, డ్రమ్ములు ఒకసారి లోపల చూసుకోండి. అనిత, రెండో అంతస్తు."

భవ్య అక్కకి చదివి వినిపించాను. ఈరోజు పెరుగన్నం తిని, మంచం మీద కూర్చుని రెండు గంటలు స్వయంగా చదువుకుంది. గోడ మీద పదకొండు. ఆ అంకె ఈరోజు తనే లేచి వేసింది.

"కవిత్వం ఏడపోయింది?" అంది.

"తీసేసిన."

"మంచిగుంది" అంది.

సాయంత్రం డాబా మీదికి వెళ్లాను. నాలుగు రోజులూ మబ్బే. నిన్న మధ్యాహ్నం ఒక్కసారి ఎండ వచ్చినప్పుడు, నేను కాలేజీలో ఉంటే, విద్యావతి గారు ఆ మోకాళ్లతో పైకి వచ్చి పాత కుండని ఎండలోకి జరిపారట. నాతో చెప్పనైనా లేదు, అక్క చెప్పింది. కుండ పూర్తిగా ఆరిందో లేదో లోపల చెయ్యి పెట్టి చూడబోయాను. ఆగి, ఫోను లైటు వేసి చూశాను.

మాట: బోర్లించడం. నిఘంటువులో వెతకలేదు.

రేపు నాలుగున్నరకే లేవాలి. అక్కతో పాటు. సబ్బుతో చేతులు కడుక్కుని, కొత్త కుండని ఉప్పుతో రుద్ది బోర్లించాలి, పాతదాన్ని కిందికి తేవాలి. అయిదున్నరకి కాగితం గేటుకి అంటించి, దాని ఫొటో నేనే తీసి, వీధి గ్రూపులో పెట్టమని విద్యావతి గారికి ఇవ్వాలి. ఆరింటికి ఎల్లేశం అన్న వచ్చేసరికి పైన కాదు, గేటు దగ్గర ఉండాలి. అతను ఒక్కో మాట మీద వేలు పెట్టి చదువుతాడు, చాలాసేపు పడుతుంది. చదవడం అయిపోయేదాకా పక్కనే నిలబడాలి.